తవుడు తెచ్చిన ఆవిడ

ఈ సంగతి ఇదివరకు చాలామందికి చెప్పాను. పలాస బస్‌స్టాండులో బస్సు కోసం నిలబడి చెప్పాను, పెళ్లిళ్లలో భోజనాలయ్యాక చెప్పాను. ఇంకోసారి చెప్పమని అడిగి విన్నవాళ్లు కూడా ఉన్నారు. చెప్పిన ప్రతిసారీ అందులో ఒక వాక్యం మింగేశాను. ఆ వాక్యం లేకుండా చెబితే ఇది వట్టి వింత, నా మీదికి ఏమీ రాదు. ఇప్పుడు దాన్ని కూడా కలిపి రాస్తున్నాను.

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మాది టెక్కలి. మా నాన్న బడిపంతులు. ఇంట్లో దిష్టి తీయడం కూడా ఒప్పుకునేవాడు కాదు. ఇప్పటికీ ఎవరైనా ఏదో కనబడిందంటే, ఆ పూట ఏం తాగావని అడిగే రకాన్ని నేను. చదివేవాళ్లు నన్ను కూడా అలాగే అడగవచ్చు.

తొంభైల చివర్లో, తుపాను తరవాత, ఒక విదేశీ సంస్థ పూండి దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో పిల్లల ఆశ్రమం పెట్టింది. చుట్టూ జీడితోటలు. మధ్యలో ఒక పాత జీడిపిక్కల గోదాము. దానికే సున్నం కొట్టి, కిటికీలు పెట్టించి, పిల్లలను చేర్చుకున్నారు. నేను ఇంగ్లీషు ఎమ్మే చేసి ఖాళీగా తిరుగుతున్న రోజులవి. పిల్లలకు సేవ చేస్తామని అక్కడెక్కడి నుంచో వచ్చే తెల్లవాళ్లకు, ఇక్కడి మాట అర్థమయ్యేలా చెప్పే మనిషి కావాలన్నారు. వెళ్లాను. పేరుకు వార్డెన్‌ని. పిల్లలకు మేష్టారిని.

వచ్చినవాళ్లు రెండు మూడు నెలలుండి వెళ్లిపోయేవారు. బొమ్మలు తెచ్చేవారు, ఆటలు నేర్పేవారు, వెళ్లేరోజు పిల్లలను కావలించుకుని ఏడ్చేవారు. మొదటిసారి పిల్లలు కూడా ఏడ్చారు. తరవాత్తరవాత చెయ్యి ఊపేసి అన్నానికి వెళ్లిపోవడం నేర్చుకున్నారు.

ఎల్లెన్ మాత్రం ఏడాదికని వచ్చింది. ఐర్లండులో చిన్నపిల్లల బళ్లో సంగీతం టీచరు. యాభై ఏళ్లుంటాయి. ఎప్పుడూ నెత్తిన ఒక పెద్ద గడ్డి టోపీ. పిల్లలు ఆమెను ఎల్లమ్మ అనేవారు. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు గాని చెవి గొప్పది. పిల్లలు పాడుకునే పాట ఒక్కసారి వింటే, అర్థం తెలియకపోయినా, అదే యాసలో తిరిగి పాడేది. పిల్లలు పడీ పడీ నవ్వేవారు.

ఆశ్రమం నియమం ఒకటే. తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లలనే తీసుకోవాలి. సాకగల చుట్టం ఉన్నా తీసుకోకూడదు. ఆ నియమం ఎక్కడో దూరాన కూర్చుని పెట్టింది. ఉద్దానంలో, అంటే మా పలాస, కంచిలి వైపు తోటల పల్లెల్లో, పరిస్థితి వేరు. అప్పటికే ఊరూరా కిడ్నీల జబ్బు. నలభై నిండని మగవాళ్లు కాళ్లు వాచి, మొహం వాచి, విశాఖ పెద్దాసుపత్రికీ ఇంటికీ తిరిగి తిరిగి పోయేవారు. వాళ్ల వెనకే కొన్ని ఇళ్లలో ఆడవాళ్లు. తండ్రి పోయి, తల్లి మంచాన పడ్డ పిల్లను ఏమనాలి? నేను అనాథ అనే చెప్పేవాణ్ణి. అలా చేర్పించినవాళ్లు ఆశ్రమంలో చాలామంది ఉన్నారు. మంచిపనే చేస్తున్నాననుకున్నాను. కొంతవరకు మంచిపనే.

తవిటమ్మను తల్లి తీసుకొచ్చింది. తల్లి పేరు దమయంతి. కంచిలి దగ్గర ఒక పల్లె. భర్త ఆ జబ్బుతోనే పోయాడు. ఆమె పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. జీడిరసం అంటి అరచేతులు మణికట్టు దాకా నల్లగా కాలినట్టుండేవి. అప్పటికే ఆమె పాదాలు వాచి ఉన్నాయి. నేను చూశాను, ఆమె కూడా నేను చూడడం చూసింది.

మావైపు తవిటమ్మ, తవిటయ్య అనే పేర్లు వాడవాడకీ ఉంటాయి. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, ఆ బిడ్డను చేటలో పెట్టి, పొరుగింటావిడకు గుప్పెడు తవుడుకి అమ్మేస్తారు. ఇంటి మీద కన్నేసిన మృత్యువు, ఈ బిడ్డ వీళ్లది కాదనుకుని వెళ్లిపోవాలని. సాకేది కన్నతల్లే. కాని బిడ్డ ఆమెను అమ్మా అనకూడదు. తవిటమ్మ దమయంతిని అప్ప అని పిలిచేది. అప్ప అంటే మావైపు అక్క. బిడ్డ గట్టిపడ్డాక ఎప్పుడో ఒకనాడు తల్లి గుప్పెడు తవుడు తిరిగిచ్చి తన బిడ్డను తాను కొనుక్కుంటుంది. తవుడు తెచ్చి అడిగితే, ఇవ్వను అనే హక్కు కొన్నవాళ్లకు లేదు.

ఆ రోజు దమయంతి పిల్లను నా ముందు నిలబెట్టి చెప్పింది. పిల్లను కొన్న ముసలామె తుపాను ఏడాది పోయిందట. అంటే పిల్ల మళ్లీ తన లెక్కలోకి వచ్చేసిందట.

"మేష్టారూ, నాకో గుప్పెడు తౌడియ్యండి. పిల్లని మీరు కొనుక్కోండి. నా లెక్కలో ఉంటే ఇదీ దక్కదు" అంది.

నాకు నవ్వొచ్చింది. వంటచేసే దాలమ్మ అక్కడే ఉంది. ఆవు కోసం ఉంచిన బస్తాలోంచి దోసెడు తవుడు తెచ్చి నా చేతిలో పోసి, "కొనీయండి బాబూ, పెళ్లి కాకుండానే బిడ్డ తండ్రైపోతారు" అంది. దమయంతి కూడా నవ్వింది. ఆమె నవ్వగా చూసింది అదొక్కసారే. నేను ఆమె కొంగులో తవుడు పోశాను. ఆమె ముడి వేసుకుంది.

ఎల్లెన్ వచ్చి ఏమిటిదని అడిగింది. ఈ వైపు ఆశీర్వాదం అన్నాను. ఈమె పిల్లకు ఏమవుతుందని అడిగింది. పిల్ల తల్లి కాళ్లు పట్టుకుని అప్పా, అప్పా అంటోంది. అక్క అన్నాను. తల్లిదండ్రులు? లేరన్నాను. అంత సులువుగా ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. సగం నేను ఆడితే మిగిలిన సగం ఆ ఆచారమే ఆడిపెట్టింది.

తవిటమ్మకు అప్పుడు ఏడేళ్లు. మాట తక్కువ. ఎల్లెన్ ఆమెను దగ్గరికి తీసింది. తన దేశంలోని స్నేహితులకు ఆ పిల్ల గురించి రాసేది. ఎవరూ లేని పిల్ల అని రాసేది. పిల్ల మొదట్లో రోజూ వెనక కంచె దగ్గర కూర్చునేది. ఎందుకని దాలమ్మ అడిగితే, మా అప్ప తవుడట్టుకొస్తాది, కొనుక్కుంటాది అనేది. కొన్నాళ్లు పోయాక కూర్చోవడం మానేసింది. దమయంతి రాలేదు. నడవలేని స్థితికి వచ్చిందని, విశాఖలో చేర్చారని నాకు తెలుసు.

మరుసటి ఎండాకాలం మొదట్లో దమయంతి తమ్ముడు వచ్చాడు. పేరు ఢిల్లేశ్వరరావు. కొబ్బరికాయలు దింపే పని. గుమ్మం బయటే నిలబడి, తుండుగుడ్డ రెండు చేతుల్లో నలుపుతూ మాట్లాడాడు. అక్క ఎక్కువ రోజులు ఉండదని డాక్టర్లు చెప్పారట. పిల్లను చూడాలంటోందట.

"ఒక్కపాలి సూపించి తెచ్చీస్తాను మేష్టారూ. పొద్దున బండికెల్లి రాత్రి బండికొచ్చీస్తాం" అన్నాడు.

నేను ఆలోచిస్తానన్నాను. నిజానికి ఆలోచించడం అప్పుడే అయిపోయింది. పిల్లను బయటికి పంపాలంటే ఒక వాలంటీరు వెంట వెళ్లాలి. ఎల్లెన్ నేనే వెళ్తానంటుంది. ఆసుపత్రి డాక్టర్లకు ఇంగ్లీషు వచ్చు. ఆ మంచం దగ్గర అక్క అనే మాట ఎంతసేపు నిలుస్తుంది? పిల్లను వెనక్కి పంపేస్తారు. ఇంకా ఎవరెవరున్నారని చూస్తారు. మిగతావాళ్లు కూడా బయటపడతారు. నా ఉద్యోగం సంగతి కూడా ఆలోచించాను. పిల్లల తరవాత ఆలోచించానని చాలాకాలం అనుకున్నాను. ముందే ఆలోచించి ఉంటాను.

పిల్లకు పరీక్షలు, అయ్యాక చూద్దాం అన్నాను. ఏడేళ్ల పిల్లకు పరీక్షలు. అతనికీ తెలుసు. అయినా ఎదురు చెప్పలేదు. అలాగేలెండి అని, కిటికీలోంచి పిల్లను ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

తరవాత కొద్దిరోజులకే ఆ మధ్యాహ్నం.

రాత్రి కాదు, చీకటి కాదు. మిట్టమధ్యాహ్నం. జీడిపళ్లు రాలి, ఎండకు పులిసి, తోటంతా ఒకటే వాసన. పిల్లలు భోజనాలు చేసి చాపల మీద పడుకున్నారు. తవిటమ్మ కిటికీ కింద, ఎప్పుడూ పడుకునే చోటే పడుకుంది. నేను ముందు గదిలో ఉన్నాను. దాలమ్మ గిన్నెలు తోముతోంది. ఎల్లెన్ పగలు పడుకునేది కాదు, వెనక చూరు కింద కూర్చుని ఏదో కుట్టుకుంటోంది.

ఆమె లోపలికి వచ్చి, తవిటమ్మ వాళ్ల అక్క వచ్చింది, కంచె అవతల నిలబడింది, ఏదో అడుగుతోంది, అంది. ఏమడుగుతోందని అడిగాను. ఎల్లెన్ కళ్లు మూసుకుని, పిల్లల పాట అప్పజెప్పినట్టు అప్పజెప్పింది.

"తౌడు తెచ్చినాను. పిల్లనిచ్చీండి."

ఆ మాట ఎలా అందో రాయడం నాకు చేతకాదు. ఐర్లండు ఆవిడ నోట్లోంచి కంచిలి పల్లె రాగం వచ్చింది. చివర కాస్త పైకి లేచి ఆగే ఆ సాగదీత ఎవరూ ఆమెకు నేర్పింది కాదు. అది దమయంతిది.

అప్పుడు నాకు భయం వేసింది. దయ్యం అని కాదు. దమయంతి బతికే ఉందని నాకు తెలుసు. ఆసుపత్రి నుంచి ఎలాగో లేచి వచ్చేసిందనుకున్నాను. తమ్ముణ్ణి పంపితే నేను ఇవ్వలేదు కాబట్టి తనే వచ్చిందనుకున్నాను. తవుడు తెచ్చి అడుగుతోంది. నేను ఎదురుపడితే ఇవ్వక తప్పదు. ఎల్లెన్ పక్కన నిలబడి చూస్తుంది.

అందుకని వెళ్లలేదు. ఇన్నేళ్లూ నేను మింగిన వాక్యం ఇదే. ఎల్లెన్‌తో, నాకు పని ఉంది, నువ్వే వెళ్లి చెప్పు, పిల్ల నిద్రపోతోంది తరవాత రమ్మను, అన్నాను. తెలుగులో ఎలా చెప్పాలని అడిగింది. నేను నేర్పాను.

"పిల్ల ఇక్కడ లేదు."

అదే అప్పజెప్పించుకున్నాను కూడా. తప్పు లేకుండా అంది. నిద్రపోతోందని చెబితే దమయంతి అక్కడే కూర్చుని, లేచేదాకా ఉంటుంది. లేదంటే వెళ్లిపోతుంది. ఆ మాత్రం లెక్క నాకు తెలుసు.

వంటపాక అడ్డంగా ఉండడంతో నేనున్న చోటు నుంచి కంచె కనబడదు. ఎల్లెన్ గొంతు మాత్రం వినబడింది. క్లాసులో పిల్లలకు చెప్పినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి, నిదానంగా, ప్రేమగా చెప్పింది. అవతలి నుంచి ఏ మాటా వినబడలేదు. ఏడుపు కూడా లేదు. ఏడ్చి ఉంటే బయటికి వెళ్లేవాడినేమో. వెళ్లేవాడినని ఇప్పుడు రాసుకోవడం సులువు.

ఎల్లెన్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చింది. టోపీ నిండా కాదు గాని, అడుగున గుప్పెడు తవుడు.

కొంగు విప్పి తనే పోసిందని చెప్పింది. చేతులు బాగా నల్లబడ్డాయని, మనిషి ఇదివరకటి కంటే చిక్కిందని, కాళ్ల వాపు లేదని చెప్పింది. నేను చెప్పమన్న మాట చెప్పాక ఆమె ఎల్లెన్‌ను చాలాసేపు చూసి, వెళ్లకుండా, జీడిచెట్టు కింద ఇంటివైపు తిరిగి కూర్చుందట. ఎండగా ఉంది, నీళ్లివ్వనా? అని ఎల్లెన్ అడిగింది. వద్దన్నాను. ఎందుకని అడిగింది. వాళ్లు ఇక్కడి నీళ్లు తాగరన్నాను. అదీ అబద్ధమే. ఎల్లెన్ నా మాట పట్టించుకోకుండా గ్లాసుతో నీళ్లు పట్టుకెళ్లింది. వెళ్లేసరికి చెట్టు కింద ఎవరూ లేరు. గ్లాసు అలాగే తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

ఎండ తగ్గాక నేను ఒక్కణ్ణే కంచె దగ్గరికి వెళ్లాను. ఉద్దానం నేల ఇసుక నేల. కోడి నడిచినా అచ్చు పడుతుంది. కంచె ఇవతల ఎల్లెన్ గుడ్డబూట్ల అచ్చులు వెళ్లినవీ వచ్చినవీ ఉన్నాయి. అవతల చెట్టు దాకా ఏమీ లేవు. ఎండుటాకులు, రాలిన పళ్లు, చదునైన ఇసుక. సముద్రం గాలి మధ్యాహ్నం నుంచీ వీస్తోంది, అచ్చులు చెరిగిపోయి ఉండవచ్చు. మరి ఇవతలివి చెరగలేదు. వంటపాక గాలిని ఆపుతుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగానే కొంత ఆపుతుంది.

ఆ తవుడు ఏం చేయాలో తోచక దాలమ్మకిచ్చి ఆవు తొట్టిలో వేయమన్నాను. ఆవు తినేసింది. అందులో వింతేమీ లేదు. మామూలు తవుడే. ఎల్లెన్ టోపీ అల్లికలో మాత్రం పొట్టు చాలారోజులు పట్టి ఉండేది.

మర్నాడు ఢిల్లేశ్వరరావు వచ్చాడు. తల గీయించుకుని ఉన్నాడు.

నిన్న తెల్లవారకముందే పోయిందని చెప్పాడు. ఊరికి తీసుకెళ్లడానికి బండి కుదరక అక్కడే, విశాఖలోనే, పొద్దు ఎక్కకముందే దహనం చేసేశారట. అంటే ఎల్లెన్ కంచె దగ్గర ఆమెతో మాట్లాడిన వేళకు దమయంతి కాలి బూడిదై ఉంటుంది.

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. అతను నేల మీదే చతికిలపడ్డాడు. తరవాత అతనే అన్నాడు.

"ఆకర్న ఒకటే మాట మేష్టారూ. తౌడట్టుకెల్లరా, తౌడట్టుకెల్లరా అని. ఆసుపత్రిలో తౌడెక్కడ తేను? అది మడిసి నోటి మాటో, జొరం మాటో నాకు తెల్నేదు."

తన అక్క పిల్లను నాకు తవుడుకి అమ్మిన సంగతి అతనికి తెలియదు. నేను చెప్పలేదు. నిన్న ఎవరినైనా పంపావా అని అడిగాను. ఇంటివాళ్లందరం విశాఖలోనే ఉన్నాం, ఎవరిని పంపుతాం అన్నాడు.

పిల్లకు ఇప్పుడే చెప్పొద్దు, మెల్లగా నేను చెబుతాలే అన్నాను. దానికీ తల ఊపాడు. పిల్ల ఆటలో ఉంది. దూరం నుంచి చూసి వెళ్లాడు. మరో రెండేళ్లకు అతనూ అదే జబ్బుతో పోయాడు.

ఎల్లెన్‌కు నేను ఏమీ చెప్పలేదు. ఆమె ఏడాది నిండి వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక, వర్షాలు మొదలయ్యాక, తవిటమ్మను కూర్చోబెట్టి మీ అప్ప జబ్బు చేసి పోయిందమ్మా అని చెప్పాను. ఎప్పుడో చెప్పలేదు. పిల్ల ఏడవలేదు. చాపలోంచి ఈనె ఒకటి లాగుతూ చాలాసేపు కూర్చుని ఒకటే అడిగింది.

"మాయమ్మ నన్నడగనేదా మేష్టారూ?"

అమ్మ అంది. మొదటిసారి.

లేదమ్మా అన్నాను. అడిగిందంటే, మరి ఎందుకు పంపలేదని అడుగుతుంది. ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. ఆ తరవాత పదేళ్లలో తల్లి ఊసు ఎత్తలేదు. ఇంకెవరైనా పిల్లలు మా అమ్మ అని మొదలుపెడితే లేచి వెళ్లిపోయేది. ఒకసారి దాలమ్మతో, నన్ను తవుడుకి అమ్మేసి మరిచిపోయిన మనిషి గురించి నాకెందుకు అందట. దాలమ్మ ఆ మాట నాకు చెప్పి, నా మొహం చూసి, మళ్లీ గిన్నెల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ పదేళ్లలో దీనికి కారణాలు చాలా వెతికాను. ఎల్లెన్‌కు మన మొహాలు గుర్తుండేవి కావు. దాలమ్మ చెల్లెల్ని చూసి దాలమ్మా అని పిలిచిన రోజులున్నాయి. పలాస చుట్టుపక్కల నల్లటి చేతులున్న ఆడవాళ్లు వందలమంది. ఇంకెవరో వచ్చి ఉండవచ్చు. కాని ఇంకెవరో తవుడు ఎందుకు తెస్తారు? తవుడు సంగతి దాలమ్మకు తెలుసు, ఆమె ఎవరికైనా చెప్పి ఉండవచ్చు. గట్టిగా అడిగాను. "నానేటి పన్నేక సెప్పుకుంటానేటి" అని కోప్పడింది. దమయంతి ముందే ఎవరికైనా పురమాయించి ఉండవచ్చు. అలాంటి మనిషి కోసం ఆ పల్లెకు వెళ్లి ఇల్లిల్లూ అడిగాను. ఎవరూ లేరు. అన్ని దారులూ మూసుకున్నాక కూడా దయ్యమని అనడానికి నాకు నోరు రాలేదు. అలా అంటే తప్పించుకున్నట్టు కూడా ఉంటుంది. వచ్చింది దయ్యమైతే అబద్ధం చెప్పినా ఏం తప్పు అని ఎవరైనా అనవచ్చు. ఆ క్షణంలో నాకు ఆమె బతికున్న మనిషి. బతికున్న తల్లి అనుకునే ఆ మాట చెప్పించాను.

రెండువేల పది దగ్గరపడుతుండగా ఎల్లెన్ మళ్లీ వచ్చింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. మనవలు పుట్టారు. తవిటమ్మకు పద్దెనిమిది. ఇంటర్ పూర్తి చేసి పలాసలో జీడిపప్పు గ్రేడింగు పనికి వెళ్తూ, సెలవు రోజుల్లో ఆశ్రమానికి వచ్చి చిన్నపిల్లలకు తలలు దువ్వేది. ఆ రోజూ అరుగు మీద ఒక పిల్లను ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది. ఎల్లెన్ వెళ్లి పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్యా మాట చేరవేయడానికి నేను నిలబడ్డాను. నా పాత ఉద్యోగమే.

నాకు వచ్చిన తెలుగు ఒక్క వాక్యమే, పదేళ్లయినా మరిచిపోలేదు, అంది ఎల్లెన్. నా మనవలను పడుకోబెట్టి, ఉయ్యాల ఊపుతూ ఇదే పాడతాను, అంది. పాడి వినిపించింది. ఏదో వాళ్ల జోలపాట రాగంలో కట్టింది.

"పిల్ల ఇక్కడ లేదు... పిల్ల ఇక్కడ లేదు..."

తవిటమ్మ నవ్వేసింది. "అదేటి జోలపాట ఎల్లమ్మగోరూ! పడుకున్నాది అనాల గాని ఇక్కడ లేదంటారేటి? ఎవులు నేర్పినారు?"

ఎల్లెన్‌కు ప్రశ్న అర్థం కాలేదు గాని, ఎక్కడ నేర్చుకుందో చెప్పాలని ఉబలాటంగా ఉంది. నా వైపు చూపించింది. తరవాత టోపీ తీసి వెల్లకిలా పట్టుకుని, అందులో ఏదో పోస్తున్నట్టు చేత్తో చూపిస్తూ ఇంగ్లీషులో చెప్పుకుపోయింది. ఆ ఇంగ్లీషు మధ్యలో అప్ప అనే మాట వచ్చింది. ఆ ఒక్క మాటా ఆమెకు గుర్తుంది.

తవిటమ్మ చేతిలో జడ ఆగింది.

"ఏటంటన్నారు మేష్టారూ ఈవిడ?"

ఏదో ఒకటి చెప్పి దాటేయడానికి నాకు అలవాటైన నోరు ఉంది. ఎల్లెన్ నమ్ముతుంది, తవిటమ్మా నమ్ముతుంది. జడ సగం అల్లిన పిల్ల మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తోంది. ఆ పిల్లను లోపలికి పంపమన్నాను.

ముందు ఎల్లెన్ చెప్పింది ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. తరవాత నేను దాచింది తెలుగులో చెప్పాను. తరవాత మళ్లీ అంతా ఇంగ్లీషులో చెప్పాను. ఎల్లెన్ టోపీ ఒళ్లో పెట్టుకుని, అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ మాట తన నోటితోనే చెప్పించావా అని అడిగింది. అవునన్నాను. ఆమె దగ్గర ఇంగ్లీషులో క్షమాపణ చెప్పుకున్నాను. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది, నాకు కాదు అన్నట్టు.

తవిటమ్మ అంతసేపూ అరుగు అంచు చూస్తూ ఉంది. ఎల్లెన్‌ను ఒకటి అడగమంది.

"మాయమ్మ ఎంతసేపు కూకున్నాదో అడగండి."

అడిగాను. ఎల్లెన్ చాలాసేపు ఆలోచించింది. తాను నీళ్లు ముంచుకోవడానికి లోపలికి వెళ్లే వరకూ కూర్చునే ఉందని, ఇంటివైపే చూస్తోందని చెప్పింది. కిటికీలవైపు, అంది. పిల్లలు పడుకునే గదివైపు. ఒక్క మాట కూడా తగ్గించకుండా తవిటమ్మకు చెప్పాను.

ఆ రోజు కంచె దగ్గరికి వచ్చింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఇకముందు తెలుస్తుందని ఆశ కూడా లేదు. దయ్యాలను నమ్మను. కాని తవిటమ్మ ముందు నిలబడ్డాక, వచ్చినావిడ ఇంకెవరో అని, గాలి అని, ఎల్లెన్ పొరపాటని నేను పోగుచేసుకున్న కారణాల్లో ఒక్కటి కూడా నోటికి రాలేదు. అవి చెబితే క్షమాపణ చెప్పినట్టు కాదు.

నేను అరుగు దిగి, కింద ఇసుకలో నిలబడి అన్నాను.

"మాయమ్మ నన్నడగలేదా అని అప్పట్లో అడిగావు. లేదన్నాను. అడిగిందమ్మా. రెండుసార్లు అడిగింది. మీ మావను పంపి ఒకసారి అడిగింది. తనే వచ్చి ఒకసారి అడిగింది. నేనే ఇవ్వలేదు. తప్పు నాది, తవిటమ్మా. నన్ను క్షమించు."